మూడు సెకన్లకు ఒక కిలోమీటరు

వేసవి మధ్యాహ్నం ఆరుబయట గొడుగు పట్టుకొని నిలబడి, ముంచుకొస్తున్న ఉరుముల వానను నోటి లెక్కతో కొలుస్తూ, "ఇంకా ఎనిమిది కిలోమీటర్లుంది, ఎవరూ కదలవద్దు" అని పదిమందికి ఆజ్ఞ జారీ చేసిన పెద్దమనిషిని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. ఆ జాతి మనుషులు రెండోసారి కనిపించేందుకు సాధారణంగా మిగలరు. నేను మిగిలాను. నేనెలా మిగిలానో, నా మూలంగా మా చెల్లెలి పంటలో ఎంత మిగలలేదో దాచకుండా విన్నవిస్తాను.

కొన్నేళ్ల కిందటి సంగతి. అప్పుడు నాకు అరవై రెండేళ్లు. ఇప్పటికంటే వయసు తక్కువ. తెలివి మాత్రం చాలా ఎక్కువని నా నమ్మకం. వానలెక్కలూ పంటలెక్కలూ రాసే కొలువులో ముప్పై మూడేళ్లు గడిపి నంద్యాలలో స్థిరపడ్డాను. ఎవరైనా "నిన్న మంచి వాన పడింది" అంటే, "మంచి అంటే ఎన్ని మిల్లీమీటర్లు?" అని అడగనిదే నాకు అన్నం సహించేది కాదు. ఈ కారణంగానే నా భార్య గ్రేసమ్మ నాతో వానల ప్రస్తావన పూర్తిగా మానుకొంది.

ఆళ్లగడ్డకు దగ్గరి పల్లెలో మా చెల్లెలు సుగుణమ్మది సేద్యం. ఆమె భర్త మోకాలి ఆపరేషన్ చేయించుకొని కర్నూలు ఆసుపత్రిలో ఉన్నాడు. అంతకుముందు వేసిన వరి చేతికి రాలేదు కాబట్టి ఆ ఏడు ఆ ఇంటి ఆశంతా మొక్కజొన్న మీదనే. "అన్నా, రేపు పొద్దున లారీ వస్తాది. ఒక్క దినం వచ్చి నిలబడు, చాలు" అని ఫోన్ చేసింది. నిలబడమన్నదే గాని, నడిపించమనలేదు. ఆ తేడా నాకు తర్వాత తెలిసింది.

నేను వెళ్లేసరికి కూలి మనుషుల పెద్ద ఓబుళమ్మ, ఉక్కపోత చూసి, కళ్లంలో ఆరబోసిన గింజలన్నీ పది కుప్పలు చేయించింది. నేను తేమ కొలిచే పరికరంలో గింజలు పోసి చూశాను. పదిహేను పాయింట్ రెండు. పద్నాలుగు దాటితే వ్యాపారి ముట్టడు.

"ఇంకా రెండు గంటల ఎండ కావాలి. కుప్పలు విప్పండి" అన్నాను.

సరిగ్గా అప్పుడే నా జేబులో ఫోను అగ్నిమాపక వాహనంలా కూసింది.

"ఏందన్నా అది?" అంది సుగుణమ్మ.

"హెచ్చరిక. రాబోయే గంటలో పిడుగులు, వడగళ్లు, ఈదురుగాలులట. చెట్ల కింద నిలబడరాదట."

"అట్లయితే బేగా పట్టలు కప్పుదాం పాండి!"

"ఆగమ్మా. ఈ సిమ్ కార్డు కొన్నది ఎక్కడ? నంద్యాలలో. నా చిరునామా ఏది? నంద్యాల. కనుక ఈ హెచ్చరిక నంద్యాలకు."

"నువ్వుండేది ఈడ గదా సారూ?" అంది ఓబుళమ్మ.

"నేనిక్కడున్నట్టు దానికెలా తెలుస్తుంది?"

చదువరులు నవ్వవచ్చు. ఫోను ఏ టవరు దగ్గరుంటే అక్కడి హెచ్చరికే వస్తుందని నాకప్పుడు తెలియదు. ఉత్తరం చిరునామాదారుకే చేరుతుందన్న తపాలా ధర్మాన్ని నేను ఆకాశానికి అంటగట్టాను. పైగా రుజువు కోసం గ్రేసమ్మకు ఫోన్ చేశాను.

"అక్కడ మబ్బు ఎంత శాతం ఉంది?"

"శాతమేందండీ? ఈడ ఎండ మండిపోతాండాది. మిద్దె మీద వడియాలు పెట్టినా."

విజయగర్వంతో ఫోను దించాను. "విన్నారా? హెచ్చరిక ఇచ్చిన నంద్యాలలోనే మబ్బు లేదు. హెచ్చరిక ఇవ్వని ఆళ్లగడ్డలో వాన ఎలా వస్తుంది?"

ఓబుళమ్మ కొండల వైపు చూపించింది. "సారూ, గాలి ఆగిపాయె. గొర్రెలు ఒకదాని కింద ఒకటి దూరుతాండాయి."

"గాలి ఆగిందంటే, గంటకు ఎన్ని కిలోమీటర్లు?"

"ఆగిపోయినదానికి కిలోమీటర్లేంది సారూ!"

లెక్క ప్రకారం అది సరైన సమాధానమే. ఆ మాట ఒప్పుకొనే స్థితిలో నేను లేను. కూలివాళ్లెవరూ నా ఆజ్ఞకు కదలకపోవడంతో, స్వయంగా పార అందుకొని రెండు కుప్పలు విప్పి నేల మీద పలచగా పరిచాను. చెమట తుడుచుకొని, ఎండకు గొడుగు విప్పుకొని, సుగుణమ్మనూ పక్కకు పిలిచి, కళ్లానికి వీపు పెట్టి నల్లమల వైపు తిరిగి నిలబడ్డాను.

అప్పుడు చూశాను.

కొండల మీద ఆకాశం దెబ్బ తగిలి కమిలిన ఒంటి రంగులోకి మారింది. మబ్బు మీద మబ్బు, దాని మీద మరొక మబ్బు, మెడ వెనక్కి వాల్చినా చివర అందనంత ఎత్తుకు లేచింది. దాని కాళ్ల దగ్గర ఎర్రని దుమ్ముగోడ ఒకటి పొలాలను ఒక్కొక్కటిగా మింగుతూ నడిచి వస్తోంది. చప్పుడు లేదు. ఒక్క పిట్ట కూత లేదు. మబ్బు కడుపులో మెరుపు వెలిగితే, దీపం పెట్టిన గుడారంలా లోపలంతా కనిపించింది.

నేను గడియారం చూసుకొని లెక్క మొదలుపెట్టాను. శబ్దానికి మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ఇరవై నాలుగో అంకె దగ్గర ఉరుము వినిపించింది.

"ఎనిమిది కిలోమీటర్లు! ఎవరూ కదలవద్దు!"

రెండో మెరుపు. పదిహేను. "ఐదు కిలోమీటర్లు! కంగారు అనవసరం!"

మూడో మెరుపు. ఆరు. "రెండు..." నా గొంతు నాకే సరిగా వినిపించలేదు.

నాలుగో మెరుపుకు "ఒక" అన్నాను. "టి" అనే అవకాశం రాలేదు. వెలుగూ శబ్దమూ ఒక్కటై వచ్చాయి. చేను చివరి తాటిచెట్టు మొవ్వు నుంచి మొదలు దాకా తెల్లగా చీలి, ఆవిరి కక్కింది. నా కాళ్ల కింద భూమి ఆవలించినట్టు కదిలింది.

"గొడుగు పారెయ్ సారూ! ఇనప కడ్డీ పట్టుకొని పిడుగును పేరంటానికి పిలుస్తాండావా?"

ఓబుళమ్మ గొడుగు లాగింది. ఆమె చేతిలోంచి గాలి లాగింది. అది ఏ మండలంలో దిగిందో నేటికీ తెలియదు. ఇద్దరు కూలి ఆడవాళ్లు నా రెండు రెక్కలూ పట్టి, రోడ్డు పక్కనున్న చర్చిలోకి గింజల మూటలా ఈడ్చుకెళ్లారు.

నిమ్మకాయలంత వడగళ్లు రోడ్డు మీద పడి నడుమెత్తు ఎగిరాయి. కరెంటు తీగలు ఈల వేశాయి. వాన నిలువుగా పడడం మాని, పొలాల మీదుగా అడ్డంగా పరుగెత్తింది. గుమ్మంలో నిలబడి నోరు తెరుచుకొని చూశాను. జీవితంలో వేల వానలను కొలిచాను. ఒక్క వానను కూడా చూడలేదని ఆ గుమ్మంలో తెలిసింది. ఎంతసేపు పడిందని మీరడుగుతారు. నాకు తెలియదు. గడియారం చేతికే ఉంది, తెలియదు.

నా పక్కన సుగుణమ్మ మోకాళ్ల మీద కూలబడింది. "నా పంట పాయెనన్నా. ఆయనకు ఏమని చెప్పేది?" అంది. వాన కంటే ఆ మాట గట్టిగా తగిలింది.

వాన తెరిపిచ్చాక నేనూ సుగుణమ్మా తలలు వంచుకొని అందరి వెనక కళ్లానికి నడిచాం. ఎనిమిది కుప్పలు పట్టల కింద, చుట్టూ రాళ్ల బరువుతో, బోర్లించిన పడవల్లా భద్రంగా ఉన్నాయి. సుగుణమ్మ ఒక్కొక్క పట్ట ఎత్తి, లోపల చెయ్యి పెట్టి తడుముతూ, ఏడుస్తూ నవ్వింది.

"ఎప్పుడు కప్పారు?" అన్నాను.

"నువ్వు గొడుగేసుకొని కొండల దిక్కు చూస్తాండంగా నాలుగు, నోట్లో లెక్కపెడతాండంగా నాలుగు" అంది ఓబుళమ్మ.

"హెచ్చరిక నంద్యాలదని చెప్పాను కదా, ఎలా నమ్మారు?"

"నువ్వు నంద్యాలకు ఫోన్ చేస్తాండంగా మా అందరి ఫోన్లకూ వచ్చింది సారూ. చెప్దామంటే నీ మాటల్లో సందు యాడిచ్చినావ్?"

మిగిలిన రెండు, నేను స్వహస్తాలతో విప్పినవి, రోడ్డు కాలువలో పసుపుపచ్చని ప్రవాహమై ఆళ్లగడ్డ దిశగా ప్రయాణిస్తున్నాయి. కాలువ ఒడ్డున నిలబడి గొంతు సవరించుకొన్నాను.

"పదింటిలో రెండు. అంటే నష్టం ఇరవై శాతం మాత్రమే, అమ్మా."

సుగుణమ్మ కొంగుతో ముఖం తుడుచుకొని నా వైపు చూసింది. "నువ్వు రాకపోయుంటే సున్నా శాతం, అన్నా."

ముప్పై మూడేళ్ల కొలువులో అంత తప్పులేని లెక్క నేను చూడలేదు.

కావున చదువరుల సాక్షిగా, పూర్తి స్పృహతో ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకపై పిడుగుల హెచ్చరిక వస్తే దాని చిరునామా విచారించను. మెరుపుకూ ఉరుముకూ నడుమ నోరు విప్పను. ముందుగా పరుగెత్తి పట్ట కప్పుతాను. ఆ పట్ట పొడవెంత, వెడల్పెంత అని కప్పిన తర్వాతే అడుగుతాను.