సన్నగా చేయమన్న సారు

చెవులు మందగించాయని ఒప్పుకోవడానికి నేను సిద్ధంగా లేని రోజులవి. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, చెవులూ పోయాయంటే ఇంట్లో నా మాట ఎవరు వింటారు? మా మనవరాలు అప్పుడు కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ ఆఖరి ఏడు చదువుతోంది. ఒక శనివారం పొద్దున్నే ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది. "నాయినమ్మా, మా మెష్ మస్తు దొడ్డుగుంది. సార్ సన్నగ జేయమంటుండు. సోమారం దాంక చూస్తడట, లేకుంటే సంతకం పెట్టడట. మల్ల ఆర్నెల్లు ఆగాలె." నాకు మెష్ కాస్తా మెస్ అని వినబడింది; హాస్టల్ మెస్‌లో దొడ్డుబియ్యం వండుతున్నారనీ, సారు సన్నబియ్యం వండమంటున్నాడనీ అనుకున్నాను. (పిల్లల అన్నం గురించి ఇంత పట్టుబట్టే సారు ఉన్నాడా అని మనసులోనే దండం పెట్టుకున్నాను.)

చుట్టాలొస్తేనే విప్పే సన్నబియ్యం సంచి మనవరాలి కోసమని ఎత్తుకుని మెట్‌పల్లిలో బస్సెక్కాను. సంచికి టికెట్ తీసుకోమన్నాడు కండక్టర్. "ఒడిల పెట్టుకున్నదానికి టికెట్ ఏంది బిడ్డా?" అని కరీంనగర్ దాకా దాన్ని ఒళ్లోంచి దించలేదు. కాళ్లు మొద్దుబారాయి.

సంచి చూసి మనవరాలు ఏడుపు మరిచి పడీపడీ నవ్వింది. "మెస్ కాదే, మెష్!" అని కంప్యూటర్ చూపించింది. కరెంటు బండి బ్యాటరీ కాలిపోకుండా కింద ఒక పలక పెడతారట; సారు సంతకం పెట్టాల్సిన ప్రాజెక్టు దాని మీదేనట. దాని లోపల సన్నని కాలువల్లో నీళ్లు పారతాయి. ఆ పలకను తెర మీద వలలాగా గళ్లుగళ్లు చేసి, గడిగడికీ వేడి లెక్క కట్టాలి. ఆ వలే మెష్. "గళ్లు దొడ్డుగుంటే కొంచెం మార్చినప్పుడల్లా వేరే లెక్కొస్తుంది. అన్నీ సన్నగ జేస్తే కంప్యూటర్ ఆగిపోతుంది. పరేషాన్ అయితున్న" అంది. అయినా లేవలేదు. చెరిపి మళ్లీ మొదలుపెట్టింది. నేనూ కదలనని మంచమెక్కి కూర్చున్నాను.

ఇంతలో అదే గదిలో ఉండే ఇంకో పిల్ల సంచి మూతి విప్పింది. "నాయినమ్మా, ఇగ అంతా సన్నయేనా?"

"అంతా సన్నయెందుకే? అవసరమున్నకాడనే సన్నయి. కడమకు దొడ్డే సాలు!" అని కసిరాను.

మనవరాలు గిరుక్కున నా వైపు తిరిగి, అంతే వేగంగా తెర వైపు తిరిగింది. వేడి ఎక్కువగా మారేది నీళ్ల కాలువల అంచుల్లోనేనట. అక్కడ మాత్రమే గళ్లు సన్నం చేసి, మిగతా పలకంతా దొడ్డుగా వదిలేసింది. కంప్యూటర్ ఆగలేదు. అంచుల్లో ఇంకా సన్నం చేసి చూసింది, ఇంకోసారి చూసింది. వేడి లెక్క కదిలితే ఒట్టు!

సోమవారం సారు సంతకం పెట్టాడు. ఈ ఉపాయం ఎవరిదని అడిగితే "మా నాయినమ్మది" అందట. ఇప్పటికీ నలుగురిలో అదే చెబుతుంది. నేను కొంగు సర్దుకుని గంభీరంగా తలూపుతాను. పరాయి పిల్లకు గుప్పెడు బియ్యం పెట్టాల్సి వస్తుందేమోనని ఆనాడు మంచం మీద ఎంత గిలగిల్లాడానో నా ఒక్కదానికే తెలుసు. ఆ పిసినారి ముసలిదాన్ని తలుచుకుంటే సిగ్గూ వేస్తుంది, నవ్వూ ఆగదు.