నా కాలికి నేనే మేస్త్రిని

నలభై ఏళ్లుగా ఇళ్ల కప్పులెక్కుతున్న వడ్రంగిని. మా స్విస్ లోయలో సగం కప్పులు నా చేతివే. కాలు విరగ్గొట్టుకున్నది మాత్రం వంటింట్లో, స్టూలెక్కి క్యాలెండరు తగిలిస్తూ. పరువు సగం అక్కడే పోయింది.

అప్పటికి ఎనిమిది వారాల్లో నా కూతురు మడ్లైనా కొత్త ఇంటికి దూలం ఎత్తాలి. ఆ రోజు మేస్త్రి పైకెక్కి పద్యం చదివి, వైన్ తాగి, గ్లాసు కిందికి విసరాలి. అది పగిలితేనే ఇంటికి మంచిది. ఎవరెవరి ఇళ్లకో చదివాను. కూతురి ఇంటి పద్యం ఏడాదిగా దిద్దుతున్నాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఫ్రేనా ఎక్స్‌రే చూపించింది. "మోకాలి కింద ఎముక రెండైంది, లూట్సి గారూ. ఎముక బోలులోకి పొడవాటి కడ్డీ దించితే త్వరగా కాలు మోపొచ్చు. లేదంటే ప్లేటు పెట్టి స్క్రూలు బిగించొచ్చు గానీ, కోత పెద్దది, మూడు నెలలు బరువు మోపకూడదు."

"కడ్డీ ఎలా దించుతారు?"

"సుత్తితోనే."

నాలో మేస్త్రి లేచి కూర్చున్నాడు. "సుత్తితో కొట్టింది ఎప్పటికైనా వదులవుతుందమ్మా. బిగించిందే నిలుస్తుంది. ప్లేటే వెయ్యండి."

"ఎముక కర్ర కాదండీ."

"కర్ర గురించి నాకు చెప్పకండి."

"మరి ఎముక గురించి నాకు చెప్తున్నారే!"

పంతం పట్టి ప్లేటే వేయించుకున్నాను; మూడు నెలలంటే మామూలు మనుషులకనుకున్నాను. పక్క మంచం మీది ఆవుల కాపరి క్లావుకి కూడా అదే ఎముక, అదే విరుపు. "ఏది త్వరైతే అది కొట్టండి, నా ఆవులు ఆగవు" అన్నాడు. పాపం, వాడి మీద జాలిపడ్డాను.

దూలం రోజున క్లావు కర్ర లేకుండా నడిచొచ్చాడు. నేను రెండు ఊతకర్రల మీద వేలాడుతున్నాను.

"ఏం మేస్త్రీ, గట్టిగా బిగిసిందా?"

"నోర్ముయ్."

"నాన్నా, పద్యం ఇలా ఇవ్వు" అంది మడ్లైనా. నా దగ్గరే పని నేర్చిన పిల్ల. కడుపు మండుతుంటే కాగితం చేతిలో పెట్టాను. పైకెక్కి చదివి, చివర తన ముక్కొకటి కలిపింది: "ఈ ఇంట్లో ప్రతి అతుకూ మా నాన్న మాట వింది, ఆయన ఎముక ఒక్కటే వినలేదు!" అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, కళ్లు మాత్రం తడిశాయి.

గ్లాసు విసిరింది. అది మెత్తటి గడ్డిలో పడి చెక్కుచెదరలేదు. పైన పిల్ల మొహం పాలిపోయింది. ఒంటికాలి మీద గెంతుకుంటూ వెళ్లి ఊతకర్రతో ఒక్క పోటు పొడిచాను. భళ్లుమంది.

"కాలు జాగ్రత్త, నాన్నా!"

"ప్లేటుందిలేవే!" అన్నాను.