ఎడమ చెయ్యి చేసిన నేరం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ తప్పు జరిగినా నా ఎడమ చేతిదే. అన్నం ముద్దకి అదే ముందు లేచేది, బలపానికీ అదే. నాన్నమ్మ దాన్ని గుడ్డపేలికతో నడుముకి కట్టేసేది. బడిలో మాస్టారు ఒకరోజు ఆ కట్టులోంచి చెయ్యి లాగి, పైకెత్తి అందరికీ చూపించి, దీన్ని ఇంగ్లీషులో సినిస్టర్ అంటారు, అంటే కీడు, అశుభం అన్నారు. పిల్లలు గొల్లున నవ్వారు.

ఏడుస్తూ ఇంటికొచ్చాను. మా తాతయ్య టెక్కలిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయిన మనిషి. వాకిట్లో జీడిపిక్కలు ఎండబోస్తున్నవాడల్లా ఆ మాట వినగానే మండిపడ్డాడు. పాతకాలం రోము నగరంలో ఆ మాటకి ఎడమ అనే అర్థమట, అంతే. పిట్ట ఎటు ఎగిరిందో చూసి శకునం చెప్పేవాళ్లకి మొదట్లో ఎడమే మంచిదట. తర్వాత గ్రీకుల నమ్మకం వచ్చిపడి అదే ఎడమ చెడ్డదయిందట. "పిట్ట అదే, పక్క అదే. మజ్జిలో సెయ్యి ఏటి సేసిందే?" అన్నాడు.

ఇంతలో నాన్నమ్మ కాల్చిన అట్లకాడతో బయటికొచ్చింది. ఒక్క వాత పడితే నాకు కుడి అలవాటవుతుందని ఎవరో చెప్పారట. నా చెయ్యి పట్టుకుంది. నేను కెవ్వుమన్నాను.

తాతయ్య అడ్డంగా కూర్చుని తన ఎడమ అరచెయ్యి చాపాడు. "ముందు నాకెట్టు. తర్వాత నీకు నువ్వెట్టుకో. నీ కొడుకులందరికీ ముడ్డి కడిగింది ఏ సేత్తోనే? ఇంటిల్లిపాదినీ సుబ్బరం సేసిన సెయ్యి సెడ్డదా?"

నాన్నమ్మ అట్లకాడ చల్లారేదాకా అలాగే నిలబడి, తర్వాత నా నడుముకి ఇంకా వేలాడుతున్న పేలిక తనే విప్పింది.

నాకు మాత్రం ఆ కోపం ఇంకా చల్లారలేదు. మురికి పనంతా దాని చేత చేయించుకుని, మంచి పనికి మాత్రం ముట్టుకోవద్దంటారా? ఏం న్యాయం ఇది? మొన్న కంచిలిలో ఓ పెళ్లి బంతిలో నా ఎదురుగా ఒక తల్లి కూతురి ఎడమ చేతి మీద ఫట్‌మని కొట్టింది. ఆ పిల్ల నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. నేను ఆ పిల్లకేసి చూస్తూ, నా విస్తట్లో అన్నం ఎడమ చేత్తో కలుపుకుని తిన్నాను. బంతి బంతంతా చూసింది. చూడనీ.