ఆకుపచ్చ గౌనుకు ఎర్ర పట్టీలు

బతుకమ్మ పండుగకు మా వాడలో అందరికన్నా ఎక్కువ కొత్త గౌన్లు తొడుక్కున్నది నేనే. కాకపోతే వాటిలో ఒక్కటీ నాది కాదు. నాది అన్నిటికన్నా చివర, మిగిలిన ముక్కల్లో మిగిలిన ముక్కతో వచ్చేది.

కరీంనగర్ దిక్కు మగ్గాల వాడ మాది. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేదాన్ని. నైజాం పాలన పోయిన కొత్తల్లో ఒక పండుగనాడు అందరూ బతుకమ్మ ఆడుతుంటే, చిరిగిన లంగాతో ఒక పిల్ల గోడచాటునే నిలబడిపోయిందట. "బట్ట నేసే వాడల పోరగాండ్లకు బట్ట లేకపోవుడేంది" అని బాపు ఆ పూట అన్నం సరిగ్గా తినలేదట. అప్పటినుంచి మగ్గం మీద పడుగు చివర మిగిలిన ప్రతి బట్ట ముక్కా దాచేవాడు. అవ్వ వాటితో గౌన్లు, అంగీలు చేత్తోనే కుట్టేది. పండుగకు ముందురోజు ఇద్దరూ కొత్త బట్టల్లేని పిల్లల ఇండ్లకు పోయి ఇచ్చి వచ్చేవాళ్లు.

అవ్వ ఎవరినీ కొలతకు పిలిచేది కాదు. పిలిస్తే వాడంతా తెలిసి పిల్లలు చిన్నబుచ్చుకుంటారని. కంటితోనే అంచనా కట్టి, కుట్టింది నాకు తొడిగి చూసేది. "గా పిల్ల నీకంటె జర లావు. నీకు వదులైతె దానికి సరిపోతది" అనేది. నేను పాతిన గుంజలా నిలబడేదాన్ని. అవ్వ చేతులు నా భుజాలు, నడుము నిమురుతూ పోయేవి. ఆ కాసేపు గౌనూ నాదే, అవ్వా నాదే.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, ఇస్తారాకులు కుట్టే ఆమె బిడ్డ కోసం ఒక ఆకుపచ్చ గౌను తయారైంది. తొడుక్కున్నాక విప్పబుద్ధి కాలేదు. ఊపిరి బిగబట్టి, పొట్టా ఛాతీ ఉబ్బించి నిలబడ్డాను. నాకే బిగుతైతే ఆ పిల్లకు పట్టదు, ఇక నాకే వదిలేస్తుందని నా తెలివి.

"ఇరుకున్నదా బిడ్డా?"

"జర ఇరుకున్నదవ్వా."

అవ్వ కాసేపు చూసి గౌను విప్పించింది. ఆకుపచ్చ బట్ట ఇంక లేదు. పండుగకు తన రవికె కోసం పెట్టెలో దాచుకున్న ఎర్ర ముక్క తీసి, పక్క కుట్లు విప్పి, రెండు వైపులా పట్టీలు వేసింది. అప్పుడు నిజం చెబితే వీపు పగులుతుందని నోరు మెదపలేదు.

పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మనాడు అవ్వ పాత రవికెతోనే వచ్చింది. ఆ పిల్ల, గౌను భుజం మీంచి జారుతుంటే ఒక చేత్తో పట్టుకుని, చప్పట్లు కొట్టలేక బతుకమ్మల చుట్టూ ఉత్తగా తిరిగింది. అవ్వ ముఖం చిన్నబోయింది. "నా కండ్లే మోసం జేసినయి బిడ్డా" అని నాతోనే అన్నది. అప్పుడూ చెప్పలేదు.

మరుసటి ఏటినుంచి నాకు తొడిగి చూడటం మానేసింది. ఏదో సాకుతో నన్ను వెంటబెట్టుకుని వాళ్ల ఇండ్లకు పోయి, ముద్దు చేస్తున్నట్టు ఆ పిల్లల్ని దగ్గరికి తీసుకుని, జానతో కొలిచి వచ్చేది. వాళ్ల వీపుల మీద అవ్వ చేతులు చూసి కుళ్లుకునేదాన్ని, అబద్ధమెందుకు.

అవ్వ పోయి చాలా ఏండ్లయింది. బీరువా నిండా బట్టలున్నాయి నాకు. ఒక్కసారి ఆమె ఏ పరాయి పిల్ల గౌనో నా తల మీంచి దించి, నడుము నిమిరి, "ఇరుకున్నదా బిడ్డా" అని అడిగితే బాగుండును. ఊపిరి వదిలేసి "వదులే ఉన్నదవ్వా" అంటాను. విప్పేటప్పుడు మాత్రం జర నిమ్మళంగా విప్పమంటాను.