అటక దిగిన ఇత్తడి

మా అత్త పోయిన గురువారం కన్నుమూసింది. కబురు విని ఏడుద్దామని కూర్చున్నాను గాని, ఆమెను తలుచుకుంటే నాకు ముందు హుషారే పుట్టుకొస్తుంది, ఏం చేసేది? తొంభై దాటిన మనిషి, నన్ను ఉద్యోగస్తురాలిని చేసిన మనిషి. ఎట్లా చేసిందో మీకు చెప్పకపోతే నాకు తోచదు.

డెబ్బైల చివర్లో నేను చంద్రగిరికి కోడలిగా వచ్చేటప్పటికి ఆ ఇంటి అటక నిండా ఇత్తడే. నీళ్ళు కాచే అండా, వరసగా బిందెలు, చెంబులు, పెళ్ళిళ్ళకు అరువిచ్చే గుండిగలు, అన్నీ మామ తాతలనాటివి. బెల్లం మండీ నడిపే మామకు ఇంటికెవరొచ్చినా అటక చూపించడం ఒక ముచ్చట. తోమేది మాత్రం అత్తా, నేనూ. శుక్రవారం వచ్చిందంటే చింతపండు, ఇటుకపొడి ముందేసుకుని పెరట్లో కూర్చుంటే పొద్దు వాలిపోయేది. తళతళలాడించి పైకెక్కిస్తే మళ్ళీ శుక్రవారానికి నల్లబడి మమ్మల్నే చూస్తుండేవి.

అందుకే అత్త నోట్లో ఇత్తడి అంటే లోహం ఒక్కటే కాదు. పెళ్ళికి పదిసార్లు పిలిస్తే గాని రాని బంధువు ఇత్తడి మనిషి. "దినామూ తోమాల పాపా, లేకుంటే మొగం నల్లగా పెట్టుకుంటాడు" అనేది. ఏ పట్టింపూ లేకుండా వచ్చి, పెట్టింది తిని పోయేవాళ్ళు ఎవర్‌సిల్వర్. స్టీలును మా వైపు అట్లాగే అంటాం. "నీళ్ళతో కడిగితే సాలు, మెరస్తా ఉంటారు" అనేది. ఈ లెక్కన మా బంధుబలగాన్నంతా రెండు గుంపులు చేసి పారేసింది. మామ ఏ గుంపో అప్పట్లో అడిగే ధైర్యం నాకు లేదు.

ఆ మరుసటేడే నాకు తిరుపతిలో టీచర్ ట్రైనింగ్ సీటు వచ్చింది. మా ఆయన సరేనన్నాడు. మామ దగ్గర మాత్రం ఒకటే మాట. "ఇంట్లో పని ఎవురు సేస్తారు? ఆ సామాన్లన్నీ మీ అత్త ఒక్కతే తోమతాదా?" నా మీద కోపంతో కాదు, భార్య మీద జాలితోనే అన్నాడు. అందుకే ఎదురు చెప్పలేకపోయాను. చేరడానికి గడువు ఆ వారంతో సరి. వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

అత్త చూసింది. మర్నాడు మామ మండీకి పోగానే, పాతవి తీసుకుని ఎవర్‌సిల్వర్ ఇచ్చే సాయబును వీధిలోంచి పిలిచింది. కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, నిచ్చెనేసుకుని అటకెక్కింది. "పట్టుకో పాపా" అంటూ ఒక్కోటి కిందికి అందిస్తుంటే నాకు ఒకపక్క భయం, ఒకపక్క ఆపుకోలేని సంతోషం. వాకిట్లో తక్కెడ వేలాడింది. చుట్టూ వీధి ఆడవాళ్ళంతా చేరారు. సాయబే జంకాడు.

"అమ్మా, అయ్యగారిని అడిగినారా?"

"తోమేటప్పుడు ఆయన్ని అడిగినానా?" అంది అత్త. వీధంతా నవ్వు.

సాయంత్రం మామ వచ్చి, ఖాళీ అటక చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "యాడికి పోయినాయి సామాన్లు?"

ఆయనతో సూటిగా మాట్లాడే అలవాటు లేదామెకు. నా వైపు తిరిగి చెప్పింది. "మీ మామకు చెప్పు పాపా. ఇంగ తోమేదానికేం లేదు, నువ్వు రేపు బస్సెక్కతా ఉండావు. ఆయన కాఫీ తాగే ఇత్తడి గ్లాసు ఒకటి ఉంచినా. అది మాత్రం ఆయనే తోముకోవాల."

మామ కొన్నాళ్ళు అలిగాడు. ఎవర్‌సిల్వర్ గ్లాసులో కాఫీ దిగదాయనకు. ఒక పొద్దున పెరట్లోకొచ్చి, చింతపండు ఎక్కడుందని మెల్లగా అడిగాడు. బతికినన్నాళ్ళూ ఆ గ్లాసు ఆయనే మెరిపించుకున్నాడు. "సూసినావా, ఇత్తడిని ఇత్తడే తోముతా ఉండాది" అని అత్త నా చెవిలో అంటే, నవ్వాపుకోలేక నేను బావి గట్టు దాకా పరిగెత్తాను.

రిటైరయ్యేదాకా బడిలో పాఠాలు చెప్పాను. నా జీతం, నా మర్యాద, అన్నీ ఆమె పెట్టిన భిక్షే. ఆ మాట ఆమెతో అంటే చెయ్యి విదిలించేసేది.

ట్రైనింగులో చేరాక మొదటి శుక్రవారం బస్సు దిగి వచ్చేసరికి, అత్త వీధి అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. పట్టపగలు ఆమె అట్లా కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. కంగారుపడి, "ఏమత్తా, ఒళ్ళు బాగలేదా?" అన్నాను.

"బాగుండాది" అని పక్కకు జరిగి చోటిచ్చింది. "ఊరికే కూసున్నా పాపా. మన వీధి ఇంత బాగుండాదని నాకింతవరకు తెలీదు. నువ్వూ కూసో, సూడు."