మా వంశంలో ముగ్గురు సేనాధిపతులు

ఆ రోజుల్లో ఖాళీ గోడ కనిపిస్తే చాలు, ఏదో ఒకటి తగిలించకపోతే నాకు ప్రాణం ఊరుకునేది కాదు. అమెరికా వచ్చి సన్నీవేల్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరి, కరీంనగర్ అన్నతో కలిసి అపార్ట్‌మెంట్‌లో ఉండేవాణ్ణి (పేరుకే అన్న, వయసులో నాకన్నా చిన్న). ఓ శనివారం, ఎవరో ఇంటి ముందు పాత సామాను పరిచి అమ్ముతున్న గరాజ్ సేల్‌లో మూడు పాత పటాలు కొన్నాను. పదిహేడో శతాబ్దపు యూరప్ సేనాధిపతులట. రాగిరేకు మీద చెక్కి అచ్చు తీసిన బొమ్మలు. ఇనుప కవచాలు, పెసరట్టంత లేసు కాలర్లు, నిమ్మకాయలు నిలబడే మీసాలు. సోఫా కూడా లేని మా హాలుకి వాళ్ళే పెద్దదిక్కు.

సరిగ్గా అప్పుడే హెర్న్‌డన్ నుంచి ఓ పెద్దాయన తన కూతురి కోసం నన్ను చూసుకోవడానికి వచ్చారు. కాఫీ తాగుతూ ఉద్యోగం అడగలేదు, వీసా అడగలేదు. కళ్ళన్నీ గోడ మీదే.

"ఎవరు బాబూ వీళ్ళు?"

నేను నోరు తెరిచేలోపే అన్న అందుకున్నాడు. "గాళ్ళు మావోడి ముత్తాతలు అంకుల్. పెద్ద ఖాందాన్!"

నవ్వుతారనుకున్నాం. ఆయన లేచి వెళ్ళి, పటంలోని ముక్కునీ నా ముక్కునీ మార్చి మార్చి చూశారు. "మీది బందరు కదూ! అప్పట్లో అక్కడ డచ్చివాళ్ళుండేవారు. అదీ సంగతి!"

"జోక్ చేశాడంకుల్, ఇవి గరాజ్ సేల్‌లో..."

"పెద్దింటివాళ్ళు ఇలాగే దాచుకుంటారయ్యా" అని నా భుజం తట్టారు.

మర్నాడు ఆయన కూతురు ఫోన్ చేసింది. "మీరు రియల్లీ డచ్చా?"

"కాదండీ. బందరు. అంతే."

అవతల చాలాసేపు నవ్వు. "నాన్న ఆల్రెడీ అందరికీ కాల్ చేసి చెప్పేశారు. ఇప్పుడు కాదంటే మ్యాచ్ క్యాన్సిల్. ఓకేనా?"

ఆ నవ్వు విన్నాక క్యాన్సిల్ అంటే నాకు ఓకే ఎలా అవుతుంది? డచ్చివాణ్ణయిపోయాను.

పెళ్ళి శాంటా క్లారాలో. మండపం పక్కన పెద్దల ఫోటోలు పెట్టిన బల్ల మీద, మా తాతగారి సరసన ముగ్గురు సేనాధిపతులూ బంతిపూల దండలతో కొలువుతీరారు (ఎవరో మహాతల్లి కుంకుమబొట్లు కూడా పెట్టింది). బందరు నుంచి వచ్చిన అమ్మకి సంగతి చెప్పే ధైర్యం నాకు చాలలేదు. ఆవిడ తిన్నగా వచ్చి ఆ బల్ల ముందే ఆగింది. మామగారు భక్తిగా చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అమ్మ కళ్ళజోడు సర్దుకుని ఒక్కొక్కరినీ పరకాయించి చూసింది. చివరాయన దండ సరిచేసింది. "ఈయనకి కోపం ఎక్కువ అన్నయ్యగారూ. మా అత్తగారికి అచ్చం ఈయన పోలికే!"

మామగారి కళ్ళు చెమర్చాయి.

అమ్మ నావైపు తిరిగి, "గుడ్లప్పగించి చూస్తావేంరా, దణ్ణం పెట్టు" అంది.

పట్టుబట్టలు కట్టుకుని, నుదుట బాసికంతో, ముక్కూ మొహం తెలియని ఆ దొరల ముందు వంగిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. వెధవ, ఎంత భక్తిగా పెట్టాడో!