తాతయ్య మీసం, చిట్టి కత్తెర

సెలూన్ తాతయ్య కత్తెర ఊరకే ఉండదు. జుట్టు మీద ఒకసారి ఆడితే గాల్లో రెండుసార్లు ఆడుతుంది. టక్, టక్‌టక్. ముప్పై ఏళ్లుగా ఆ చేతికి అదే అలవాటు. దేవుణ్ణి తలచుకుని కొట్టు తెరుస్తాడు. మంచం పట్టినవాళ్ల ఇళ్లకు తానే వెళ్లి, మెడ కింద చెయ్యి వేసి పసిబిడ్డను లేపినట్టు లేపి, జుట్టు కత్తిరించి వస్తాడు. ఆయన చేతికి తల అప్పగించి కునుకు తీయనివారు ఆ వీధిలో లేరు.

మనవరాలు చిట్టి తప్ప.

పెద్దకూతురు ఉద్యోగానికి వెళ్తూ రోజూ చిట్టిని పుట్టింట్లో దింపేది. మొదటిసారి జుట్టు కత్తిరించిన రోజు ఆ నాలుగేళ్ల పిల్ల చెవికి కత్తెర మొన తగిలింది. రక్తం చుక్క కూడా రాలేదు. అయినా ఆనాటి నుంచి టక్‌మంటే చాలు, మంచం కింద దూరేది. రానురాను చప్పుడు కూడా అక్కర్లేకపోయింది, తాతయ్య కనబడితే చాలు. ఒళ్లోకి రమ్మంటే అమ్మమ్మ కొంగు చాటుకు పోయేది. ఆ పూట ఆయనకు అన్నం సయించేది కాదు.

నర్సు చదువుతున్న చిన్నకూతురు తన మనస్తత్వశాస్త్రం పుస్తకం తెచ్చింది. "గంట కొట్టినప్పుడల్లా కుక్కకి అన్నం పెడితే, కొన్నాళ్లకి ఉత్త గంటకే దానికి నోరూరుతుంది నాన్నా. దీని భయమూ అలా అంటుకున్నదే. చప్పుడుకి ఇష్టమైనదేదైనా జత చేస్తే..."

"అంతేగా!" అంటూ ఆయన మిగతాది వినకుండానే చాక్లెట్లకు పరుగెత్తాడు.

వారం రోజులు టక్‌మనగానే చాక్లెట్. ఎనిమిదో రోజు పక్కింటావిడ ముద్దుగా ఒక చాక్లెట్ ఇవ్వబోతే, చిట్టి కెవ్వుమని చెవులు మూసుకుని మంచం కిందికి పోయింది.

"బాగు చేశారు!" అంది అమ్మమ్మ. "ఇన్నాళ్లూ కత్తెరకే ఏడ్చేది. ఇప్పుడు చాక్లెట్‌కీ మొదలెట్టింది."

"పుస్తకం తప్పేమోనే."

"పుస్తకాన్నంటారేం? ఓ చేత్తో చాక్లెట్ ఇస్తూ, రెండో చేత్తో దాని మొహం దగ్గరే టకటకలాడించారు. ఇప్పుడు చూసుకోండి ఆ వేళ్లు!"

చూసుకున్నాడు. కత్తెర లేకుండానే ఆడుతున్నాయి. గబుక్కున చెయ్యి తొడ కింద పెట్టుకున్నాడు.

చిన్నకూతురు నవ్వాపుకుంటూ పేజీ తిప్పింది. "దూరం నుంచి, కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యాలిట. ఈ ముక్క చెప్పేలోపే నువ్వు వీధి చివర ఉన్నావు."

మర్నాటి నుంచి మొండి మొనల కాగితాల కత్తెర ఒకటి గది అవతలి మూల చప్పుడు లేకుండా పడుంది. రోజుకో జానెడు దగ్గరికి జరిపేవాడు. పదో రోజు అది మంచం దగ్గరికి చేరింది. తాతయ్య తన మెడకే తువ్వాలు చుట్టుకుని నేల మీద కూర్చున్నాడు.

"అమ్మా, ఈ ముసలాడికి కాస్త క్షౌరం చేసిపెడతారా?"

మంచం కింద నుంచి ఒక బుర్ర బయటికొచ్చింది. "కదలకూడదు."

"కదలను తల్లీ."

"ఏడవకూడదు."

"ఏడుపొస్తే?"

"చాక్లెట్ ఇస్తాలే."

చిట్టి ఆ కత్తెర అందుకుని వచ్చి ఎదురుగా నిలబడింది. టక్.

"ఏవండోయ్, మీసం!" అని అమ్మమ్మ కేకేసింది.

"ష్! దాన్ని బెదరగొట్టకు" అన్నాడాయన, పెదవి కదపకుండా.

రెండోవైపు అందక చిట్టి ఆయన ఒళ్లోకెక్కి కూర్చుంది. కానీ చెయ్యి నొప్పెట్టి అక్కడితో ఆపేసింది.

మర్నాడు సగం మీసంతో కొట్టు తెరిచాడు. వచ్చినవాళ్లంతా పగలబడి నవ్వారు. "ఎవరి పనితనమండీ ఇది?"

"మా పెద్ద మేస్త్రమ్మది" అన్నాడు తాతయ్య, అద్దంలో మురిపెంగా చూసుకుంటూ. "మిగతాది సాయంత్రం చేస్తానంది. ఒళ్లోనే కూర్చుని చేస్తుందట!"